వార్చిన నీళ్లు

రత్తయ్య చారు ఎందుకు మానేశాడని మాత్రం అడుగుతారు మీరంతా. గుణదలలో ఆ కర్రీ పాయింటు ముందు క్యారేజీలు పట్టుకుని నిలబడి, "పప్పు చేస్తాడు, వేపుడు చేస్తాడు, చారు మాత్రం కాయడంట, పొగరు" అనుకుంటూ ప్యాకెట్లు కట్టించుకొస్తారు. తెచ్చి ఈ అరుగు మీదే కూర్చుని తింటూ, వెనకటికి పెళ్లిళ్లలో ఆయన కాచిన కట్టు చారు ఎంత బాగుండేదో చెప్పుకుని లొట్టలేస్తారు. సిగ్గు లేదర్రా మీకు? ఆ చారు చివరికి ఎవరి గొంతులో దిగిందో అడిగారా ఎప్పుడైనా? సుబ్బరత్నం అని ఒక మనిషి ఉండేదని, ఈ వరసలోనే చివరి గదిలో కాపురం చేసిందని, మీ పిల్లల పుట్టినరోజులకి వద్దన్నా వచ్చి కూరలు తరిగిపెట్టిందని ఒక్కరికైనా గుర్తుందా? ఆ నోట్లో ముద్ద మింగి వినండి.

సుబ్బరత్నం పుట్టింది కూచిపూడి పక్కన ఒక చిన్న ఊళ్లో. ఆ ఊరి పేరు ఎవరికీ తెలియదని కూచిపూడి పేరే చెప్పేది. "అయితే నాట్యం వచ్చా?" అని ఎవరైనా అడిగితే, "కత్తిపీట మీద వచ్చు" అనేది. వాళ్లది వ్యవసాయం. పొలం కాలవ చిట్టచివర. పైవాళ్లంతా తడుపుకున్నాక వీళ్లకి బురద మిగిలేది. ఒక ఏడు ఎండి, ఒక ఏడు మునిగి, ఆ చేను చేతులు మారిపోయింది. మేనత్త కొడుకు రత్తయ్యకి ఇచ్చి పెళ్లి చేశారు. అప్పటికే రత్తయ్య వంట మేస్త్రి. పామర్రు నుంచి బెజవాడ దాకా ఎవరింట్లో పెళ్లయినా గాడిపొయ్యి తవ్వడానికి ముందు ఆయన్ని పిలిచేవాళ్లు.

పొయ్యి దగ్గర ఆయన, కత్తిపీట మీద ఈమె. సొరకాయలు, బెండకాయలు, కొండంత క్యాబేజీ తెల్లవారేసరికి ముక్కలు చేసి పెట్టేది. రత్తయ్యకి వంటలో ఒకటే పట్టుదల. ఏదీ పారబోయనిచ్చేవాడు కాదు. పప్పు మీద తేరిన కట్టు, కాయలు ఉడికించి వార్చిన నీళ్లు, తోటకూర ఉడికిన పచ్చటి రసం, అన్నీ ఒక గుండిగలోకి చేరాల్సిందే. మిరియం, జీలకర్ర, కొత్తిమీర కాడలు దంచి వేసి, చింతపండు పులుసు కొద్దిగా చూపించి, ఇంగువతో తాలింపు పెట్టేవాడు. ఆ చారుకోసం పెళ్లికొడుకు తరఫు వాళ్లు రెండోసారి ఆకు వేయించుకునేవాళ్లు. ఎవడైనా కుర్రాడు తెలియక వార్చిన నీళ్లు ఒంపబోతే రత్తయ్య గరిట విసిరేవాడు.

"బలమంతా నీళ్లలోకి దిగుద్దిరా! ముక్కలో మిగిలేది పిప్పి. నీళ్లు పారబోసేవాడికి గరిట ఇవ్వకూడదు!"

సుబ్బరత్నం అటు తిరిగి నవ్వుకునేది. ఆమెకి మొగుడి మీద ఉన్న గర్వమంతా ఆ గుండిగలోనే ఉండేది.

తర్వాత ఫంక్షన్ హాళ్లొచ్చాయి, యూనిఫారాలేసుకున్న క్యాటరింగు వాళ్లొచ్చారు. గాడిపొయ్యి తవ్వించేవాడు లేకపోయాడు. రత్తయ్య గుణదలకి వచ్చి తిరుపతిరావు కర్రీ పాయింటులో వంటకి కుదిరాడు. సుబ్బరత్నం అక్కడే కూరలు తరిగేది. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని ఆమె మోకాళ్లు పాడైపోయాయి. మందుల షాపులో నొప్పి బిళ్లలు అడిగి తెచ్చుకుని టీలో బిస్కెట్టు తిన్నట్టు మింగేది. ఎవరూ వద్దనలేదు. ఆ బిళ్లలు మోకాళ్లని నిలబెట్టి మూత్రపిండాలని తినేశాయి. తెలిసేసరికి రెండూ పోయాయి. వారంలో రెండు పూటలు ఆసుపత్రిలో మిషను మీద పడుకుని రక్తం కడిగించుకుంటేనే బతుకు.

మిషను ఖర్చు సర్కారు ఆరోగ్య కార్డు మీద గడిచిపోయేది. కూరలకే కార్డు లేదు.

అక్కడ హన్నా అని ఒక నర్సు ఉండేది. ఈ గుణదల పిల్లే. మాట కటువు, చెయ్యి మెత్తన. సుబ్బరత్నం పాదం మీద వేలితో నొక్కి, పడిన గుంటని చూపించేది.

"రత్నమ్మగారూ, ఆవకాయ తిన్నారు కదూ?"

"వాసనొస్తందా సిస్టరూ?"

"వాసన ఎందుకండీ, మీ పాదమే చెబుతోంది. ఉప్పు తింటారు, దాహమేసి నీళ్లు తాగుతారు, ఆ నీళ్లు పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఎన్నిసార్లు చెప్పాలి? సొరకాయ, బీరకాయ, క్యాబేజీ, గుడ్డులో తెల్లసొన తినమన్నానా?"

"తినమన్నావమ్మా. కొనమని ఎవరికి చెప్పావు?"

హన్నా ఆ పాదం మీద దుప్పటి కప్పింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన ఏడాది తర్వాత మాట అది. ధరలు మండి కాయగూరల దగ్గరికి మనలాంటి వాళ్లు పోలేకపోయారు. సుబ్బరత్నం పనికి పోవడం మానేసింది. రత్తయ్య జీతంలో గది అద్దె, ఆసుపత్రికి ఆటో, బయట కొనే సూదిమందు పోగా మిగిలేది రేషన్ బియ్యం, ఊరినుంచి ఎవరో ఇచ్చిన ఆవకాయ జాడీ. కర్రీ పాయింటులో మిగిలిన కూరలు తెచ్చుకోమనేవాడు తిరుపతిరావు. వాటిల్లో ఉప్పు చూస్తే ఆవకాయే నయం.

అట్టాంటప్పుడు రైతు బజారులో బిళ్లల పథకం వచ్చింది. ఎవరో ఒక ట్రస్టు వాళ్లు పెట్టారు. తెల్లకార్డు ఉన్నవాళ్లు ఎంత విలువకి కూరగాయలు కొంటే అంత విలువకి పచ్చ ప్లాస్టిక్ బిళ్లలు ఊరికే ఇచ్చేవాళ్లు. ఆ బిళ్లలతో మళ్లీ కూరగాయలో పళ్లో కొనుక్కోవాలి. గొడుగు కింద బల్ల వేసుకుని సంజీవరావు మాస్టారు కూర్చునేవాడు. రిటైరైన లెక్కల మాస్టారు. పాఠం చెప్పినట్టే చెప్పేవాడు.

"కూరగాయలకే. బియ్యానికి కుదరదు, నూనెకి కుదరదు, సెల్లు రీచార్జికి కుదరదు."

"మందుకి కుదురుద్దా మాస్టారూ?" అని వరసలోంచి ఒకడు.

"ఆ షాపు నడిపేవాడు నా పాత స్టూడెంటే. వాడికి లెక్కలు రావు, నీకు చిల్లర కూడా ఇవ్వడు. పద ముందుకి."

వరసంతా నవ్వింది. సుబ్బరత్నం నవ్వలేదు, పైట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె వంతు వచ్చింది.

"ఏ ఊరమ్మా?"

"కూచిపూడి పక్కనండీ."

"రైతులేనా?"

"ఒకప్పుడండీ."

"అయితే బల్లకి అవతల, కాయలమ్మే వైపు ఉండాల్సిన మనిషివన్నమాట."

ఆయన మంచిగానే అన్నాడు. సుబ్బరత్నం గుండెలో అది ముల్లులా దిగింది. "అవునండీ, ఇటు పడ్డాను" అని బిళ్లలు గుప్పిట్లో పెట్టుకుంది.

ఆ రోజు ఇంటికొచ్చి సంచి బోర్లించింది. రెండు సొరకాయలు, బీరకాయలు, ఒక క్యాబేజీ, లేత పొట్లకాయ, తోటకూర కట్ట, గోంగూర కట్ట, పాలకూర. నేల మీద పరిచి పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు, తరగలేదు. రత్తయ్య డ్యూటీ నుంచి వచ్చేదాకా అట్టాగే చూస్తా కూర్చుంది.

"ఏంటే, పెళ్లా ఎవరిదైనా?"

"మనదే బావా. మళ్లీ చేసుకుందామా?"

"కట్నం ఏం తెచ్చావు?"

"సొరకాయలు."

ఆయన నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు.

కూరలు ఎట్టా వండాలో హన్నా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ముక్కలు చిన్నగా తరగాలి. నీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లు తీసేసి కొత్త నీళ్లలో ఉడకబెట్టి, మళ్లీ వార్చెయ్యాలి. ఆకుకూరలు వద్దే వద్దు, తినాలనిపిస్తే ఎప్పుడో ఒకసారి బాగా వార్చి ఒక ముద్ద. రక్తంలో పొటాషియం అనే ఉప్పులాంటిదొకటి ఉంటుందట. మామూలు మనిషికి అది మంచిదే. వీళ్లకి ఎక్కువైతే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుందట. అరటిపండు, కొబ్బరినీళ్లు, టమాటా దగ్గరికి రానివ్వద్దంది. చారైనా మజ్జిగైనా మంచినీళ్లైనా లెక్క ప్రకారం గ్లాసుతోనే అంది.

రత్తయ్య చేతులు కట్టుకుని విన్నాడు. బయటికొచ్చాక అన్నాడు.

"ముక్కలేసి వార్చడం నాకు నేర్పుద్దంట ఆ పిల్ల! నేను వార్చిన సొరకాయలు కాలవలో వేస్తే కాలవ పూడుద్ది."

చెప్పింది చెప్పినట్టే చేశాడు, ఒట్టు. ముక్కలు నానబెట్టాడు, ఉడికించాడు, చుక్క మిగలకుండా వార్చాడు. ఉప్పు చిటికెడు కూడా వెయ్యలేదు. చింతపండు మానేశాడు. తోటకూర, పాలకూర బాగా పిండేసి ముద్ద మాత్రమే పెట్టాడు. గోంగూర కట్ట పక్కింటికి ఇచ్చేశాడు. ఒక్కటే చెయ్యలేదు. వార్చిన నీళ్లు పారబొయ్యలేదు. పారబోయడమనేది ఆయన చేతికి తెలియదు. అన్నీ ఒక గిన్నెలో పోసి సగానికి మరిగించాడు. మిరియం, జీలకర్ర దంచివేసి, ఇంగువ చూపించి చారు కాచాడు. గ్లాసుతో కొలిచి ఆమె చేతికిచ్చాడు. లెక్క తప్పలేదుగా!

"కూర పిప్పే రత్నం. నాకు తెలుసు. బలం ఇందులో ఉంది, తాగు."

సుబ్బరత్నం తాగింది. ఉప్పులేని కూర గడ్డి తిన్నట్టుండేది. ఆ చారొక్కటే నాలుకకి తగిలేది. మిరియం ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ వాసనకి పాత పెళ్లిళ్లు, గాడిపొయ్యి, గరిట విసిరే మొగుడు, అన్నీ కళ్లముందు కనపడేవి. రోజు మొత్తానికి ఆమె ఎదురుచూసేది ఆ గ్లాసు కోసమే.

మీకు అర్థమయ్యే ఉంటుంది. వాళ్లకి కాలేదు.

బిళ్లలు వచ్చే కొద్దీ సంచి నిండింది. సంచి నిండే కొద్దీ గిన్నెలో నీళ్లు చిక్కబడ్డాయి. ఆవకాయ మానేసినందుకు కాళ్ల వాపు తగ్గింది, ఆయాసం తగ్గింది. రక్తపరీక్షలో మాత్రం ఆ పొటాషియం పెరుగుతా పోయింది. హన్నా కాగితం చేతిలో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"ఏం తిన్నారు రత్నమ్మగారూ?"

"నువ్వు చెప్పిందేనమ్మా."

"అబద్ధం. అరటిపళ్లు తిన్నారు. కొబ్బరిబోండం తాగారు."

"ఆ మేరీమాత సాక్షిగా లేదమ్మా."

"మా మాతని సాక్ష్యానికి పిలవకండి, ఆవిడ నా పక్క ఉంటుంది. బిళ్లలతో పళ్లు కూడా ఇస్తున్నారని నాకు తెలుసులే."

రత్తయ్య పక్కనే ఉన్నాడు. ఆయన మొహం మాడిపోయింది. ఆటో దిగి, ఇంట్లో అడుగుపెట్టగానే పట్టుకున్నాడు.

"ఎన్ని తిన్నావే?"

"తినలా బావా."

"మరి ఎట్టా పెరిగింది? నేను వండింది తిని పెరిగిందా? నా చేతి వంట తిని ఎవరికైనా ఏదన్నా అయిందా ఇన్నేళ్లలో?"

ఆమె ఆలోచించింది. నిజమే కదా, ఆయన వంట తిని ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత బజారుకి ఆయనే వెళ్లడం మొదలుపెట్టాడు. గొడుగు కింద మాస్టారితో, వరసలో వాళ్లతో మాట్లాడే ఆ కాస్త పొద్దు కూడా ఆమెకి పోయింది. పక్కింట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని ప్రసాదం తెస్తే, గుమ్మం దగ్గరే రత్తయ్య అడ్డంపడి పళ్లెంలోంచి అరటిపండు తీసి వెనక్కిచ్చాడు. "మా ఆవిడకి చేతివాటం ఉందండీ" అన్నాడు నవ్వుతా. లోపల సుబ్బరత్నం గోడవైపు తిరిగి పడుకుంది.

మనిషి తనమీద తనే అనుమానపడటం మొదలుపెడితే అంతకంటే నరకం లేదు. నిద్రలో లేచి తింటున్నానా అని కూడా అనుకుంది. కూరలే పడటం లేదేమోనని ముక్కలు తినడం మానేసింది. అన్నంలో చారు పోసుకుని, అదొక్కటే తినేది. పెళ్లాం కూర ముట్టడం లేదని రత్తయ్యకి భయం పట్టుకుంది. బలం చాలటం లేదనుకుని ఇంకో కట్ట పాలకూర కూడా ఉడికించి, ముద్ద తను తిని, ఆ నీళ్లు చారులో కలిపాడు.

ఒకరోజు పొద్దున్నే ఆమె లేవబోతే కాళ్లు లేవలేదు. నాలుక మొద్దుబారింది. గుండె కొట్టుకోవడం, ఆగడం, మళ్లీ గబగబా కొట్టుకోవడం ఆమెకే తెలుస్తోంది. రత్తయ్య చేతులమీద ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఆటోవాడు ఏలూరు రోడ్డు సిగ్నళ్లన్నీ దాటించాడు. డాక్టర్లు ఏవో సూదులు గుచ్చి, అప్పటికప్పుడు మిషనెక్కించి, అంచు దాకా వెళ్లిన మనిషిని వెనక్కి లాగారు.

ఆ మధ్యాహ్నం ఆమెకి స్పృహ బాగా వచ్చింది. రత్తయ్య కింద మందుల కిటికీ దగ్గరున్నాడు. పక్క మంచం మీద కొత్తగా చేరినాయన. ఆయన భార్యకి హన్నా వంట చెబుతోంది. తరగడం, నానబెట్టడం, వార్చడం అన్నీ చెప్పింది. ఆవిడ చదువుకున్న మనిషిలా ఉంది. అడిగింది.

"వార్చిన నీళ్లు సూపులో వాడుకోవచ్చా సిస్టర్? విటమిన్లన్నీ అందులోనే ఉంటాయిగా?"

"అయ్యబాబోయ్! పొటాషియం అంతా ఆ నీళ్లలోకే వచ్చేస్తుందండీ. అందుకేగా వార్చేది. అది విషం. మొక్కలకి పొయ్యండి, మోరీలో పొయ్యండి, మీవారికి మాత్రం చుక్క పొయ్యకండి."

సుబ్బరత్నం కళ్లు తెరిచి అటు తిరిగింది. మెల్లగా పిలిచింది.

"సిస్టరూ. ఆ నీళ్లు సగానికి మరిగించి, మిరియాలేసి చారు కాస్తేనో?"

హన్నా దగ్గరికొచ్చింది. ఆమె మొహం చూసింది. అంతా అర్థమైపోయింది ఆ పిల్లకి. మంచం పట్టుకుని ఏడ్చింది.

"వార్చమని చెప్పానమ్మా. తాగొద్దని కూడా చెప్పాలని నాకు తోచలేదు. ఎవరైనా ఆ నీళ్లు తాగుతారని... మిమ్మల్ని దొంగని చేశాను కదమ్మా."

"ఏడవమాకు. ఒక్క పని చెయ్యి. ఆయనకి చెప్పమాకు."

"చెప్పకపోతే మళ్లీ కాస్తాడు!"

"నేను మానిపిస్తా. నువ్వు చెప్పమాకు. ఆ చారు ఒక్కటే మిగిలిందమ్మా ఆయనకి. పొలం లేదు, పొయ్యి లేదు, పిల్లాజెల్లా లేరు. తన చేత్తోనే తాగించాడని తెలిస్తే ఆ మనిషి లేవడు."

ఇంటికొచ్చారు. ఆ సాయంత్రం ఆయన గ్లాసు తెచ్చాడు.

"చారొద్దు బావా. సిస్టరు తడి తగ్గించమంది."

"గ్లాసు లెక్క ఉందిగా?"

"ఆ గ్లాసు మంచినీళ్లు తాగుతా."

"నా చారు కంటే పంపు నీళ్లు ఎక్కువైనయ్యా?"

"వెగటుగా ఉంటంది."

రత్తయ్య గ్లాసు వంక చూశాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. గ్లాసెత్తి ఆమె ఎదుటే గటగటా తాగేసి, గిన్నె కడిగి బోర్లించాడు. ఆ రోజునుంచి ఆమె ముక్కలు తింది, చారు మానేసింది. తర్వాతి పరీక్షలో పొటాషియం దిగింది. హన్నా ఏమీ అనకుండా కాగితం రత్తయ్య చేతిలో పెట్టింది. ఆయన మొహం వెలిగింది. పెళ్లాం మీద కోపమంతా పోయింది.

"చూశావా! నేను కాపలా కాయబట్టి! అరటిపళ్లు మానేశావు, దిగొచ్చింది. నిజం చెప్పు, తిన్నావు కదూ?"

సుబ్బరత్నం తల వంచుకుంది.

"తిన్నా బావా. ఇంక తినను."

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, తప్పు కాసినవాడిలా. హన్నా ఆ పక్క గదిలోకి వెళ్లిపోయింది.

అంతా కుదుటపడిందనుకున్నారా? కూర్చోండి. వండటం ఇప్పుడు తెలిసిందా, వండుకునేది పోయింది.

రైతు బజారులో గొడుగు ఉంది, బల్ల ఉంది, బిళ్లల డబ్బా లేదు. సంజీవరావు మాస్టారు ఒట్టి చేతులతో కూర్చుని వచ్చినవాళ్లందరికీ అదే పాఠం చెబుతున్నాడు. ట్రస్టుకి డబ్బిచ్చే వాళ్లు ఏడాదికే ఒప్పుకున్నారట. ఏడాది అయిపోయిందట. ఎంతమంది ఎన్ని కూరలు తిన్నారో రాసుకుని, పథకం బాగా నడిచిందని ఫొటోలు కూడా తీసుకుని వెళ్లారట.

"బాగా నడిచిందంటే ఆపడమెందుకండీ?" అంది సుబ్బరత్నం. ఆ రోజు ఆమే వెళ్లింది.

"నేనూ అదే అడిగానమ్మా."

"ఏమన్నారు?"

"వేరే ఊళ్లో మొదలుపెడతారట."

"అక్కడివాళ్లకి కూడా ఏడాదేనా?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తన సంచిలోంచి రెండు బీరకాయలు తీసి ఇచ్చాడు. ఆమె వద్దనలేదు. వద్దనే రోజులు దాటిపోయాయి.

ఆ తర్వాత మళ్లీ అన్నం, ఆవకాయ. కొన్నాళ్లు బజారు మూసేవేళ వెళ్లి, మిగిలినవి ఏరుకొచ్చింది. టమాటాలు మిగిలేవి, బంగాళదుంపలు మిగిలేవి, చితికిన అరటిపళ్లు మిగిలేవి. ఆమె తినకూడనివే మిగిలేవి. సొరకాయ ఎవరూ వదిలేవారు కాదు. కాళ్లు మళ్లీ వాచాయి. మెట్టు దిగితే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదని గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. రత్తయ్య ఆ నిద్ర చూడలేకపోయాడు. బలం తగ్గిపోతోందని ఆయన భయం. ఒక మధ్యాహ్నం కర్రీ పాయింటులో తోటకూర పప్పుకి ఆకు ఉడికించి వార్చిన నీళ్లు మూత క్యానులో పట్టుకుని పరిగెత్తుకుంటా వచ్చాడు.

"వెగటు లేకుండా కాస్తానే ఈసారి. ఊరికే వేడి చేసి ఇస్తా. తాగు, బలమొస్తుంది."

"అట్టా పెట్టు బావా. కాసేపాగి తాగుతా. నువ్వు పనికి పో, తిరుపతిరావు అరుస్తాడు."

ఆయన వీధి మలుపు దాకా వెళ్లి, జేబులో ఉన్న మందుల చీటీ ఇవ్వడం మర్చిపోయానని వెనక్కి వచ్చాడు. సుబ్బరత్నం గోడ పట్టుకుని, రొప్పుకుంటా, మోరీ దగ్గర వంగి క్యాను ఒంపుతోంది. పచ్చటి నీళ్లు పారిపోతున్నాయి. రత్తయ్య వీధంతా వినపడేలా అరిచాడు.

"ఏం చేత్తన్నావే! పారబోత్తావా! నేను యజమాని కాళ్లు పట్టుకుని తెస్తే పారబోత్తావా! బతకాలని లేదా నీకు?"

"ఉంది కాబట్టే బావా."

"ఏంటీ?"

ఆమె మోరీ గట్టు మీదే కూర్చుండిపోయింది. ఇంక దాచే ఊపిరి లేదు ఆమె దగ్గర.

"ఆ నీళ్లే బావా. మొదటినుంచీ ఆ నీళ్లే. అందుకే వార్చమన్నారు. నేను అరటిపళ్లు తినలా."

ఆయన చేతిలో చీటీ జారిపోయింది. వచ్చి ఆమె పక్కన గట్టుమీద కూర్చున్నాడు. మోరీలో పోతున్న నీళ్లవంక చూశాడు.

"తిన్నానన్నావుగా."

"అన్నా."

"నాకోసమా?"

ఆమె తల ఊపింది. రత్తయ్య తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. లేచి లోపలికి పోయి సంచి తీసుకుని బజారుకి వెళ్లాడు. ఏం చెప్పి తెచ్చాడో, ఎవరిని అడిగాడో తెలియదు, లేత సొరకాయ ఒకటి తెచ్చాడు. చిన్న ముక్కలు తరిగాడు. నానబెట్టాడు. ఉడికించాడు. గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఆమె చూస్తుండగా వార్చాడు. మొదటిసారి ఆయన చేతుల్లోంచి నీళ్లు మోరీలోకి పోయాయి. చివరి చుక్క కారేదాకా గిన్నె ఒంచే పట్టుకున్నాడు. వేడికి చెయ్యి కాలుతున్నా దించలేదు.

"చాల్లే బావా. పోయింది."

"వార్చడం వచ్చిందే నాకు. రోజూ వార్చి పారబోస్తా. రేపు ఏం వార్చను? చెప్పు, ఏం వార్చను?"

ఆమె కూరన్నం తింది. ఉప్పు లేదు, పులుపు లేదు. బాగుందంది. మర్నాడు ఇంట్లో ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. ఆమెకి ముద్ద దిగడం లేదని రత్తయ్యే ఆవకాయ నూనె కొద్దిగా కలిపి పెట్టాడు. దాహమంది. కొద్దిగా నీళ్లిచ్చాడు. మళ్లీ దాహమంది. మళ్లీ ఇచ్చాడు.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు పొద్దున ఆటో వచ్చి హారన్ కొట్టింది. సుబ్బరత్నం గోడకి ఆనుకుని కూర్చునే ఉంది, కాళ్లు చాపుకుని, చీర సర్దుకుని, బయల్దేరడానికి సిద్ధంగా. రత్తయ్య లేపబోయాడు. ఆటోవాడు ఇంకోసారి హారన్ కొట్టాడు.

అప్పటినుంచి ఆయన చారు కాయడు. కర్రీ పాయింటులో కూర వార్చినప్పుడల్లా నీళ్లు మోరీలో పోసి, పోయిందో లేదో నిలబడి చూస్తాడు. తిరుపతిరావు కూడా ఏమీ అనడు. మీరే అంటారు పొగరని.

పోయేనాటికి సుబ్బరత్నం వయసు యాభై ఒకటి.